1966 ఫిఫా ప్రపంచ కప్పు ఫైనల్

1966 ఫిఫా ప్రపంచ కప్పు ఫైనల్ 1966 జూలై 30న లండన్ నగరంలోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లాండు, పశ్చిమ జర్మనీ జట్ల మధ్య జరిగిన ఫుట్‌బాల్ పోటీ. నిర్ణీత 90 నిమిషాలలో ఇరు జట్లు 2-2తో సమానంగా నిలవగా, అదనపు సమయంలో మరి రెండు గోల్స్ చేసి ఇంగ్లాండు 4-2తో విజయం సాధించింది. 2022 వరకు జరిగిన ప్రపంచ కప్పులలో ఇంగ్లాండు పురుషుల జట్టు గెలుచుకొన్నది ఈ ఒక్కటే. ఇంగ్లాండు ఆటగాడు జెఫ్ హర్స్ట్ ఇందులో మూడు గోల్స్ చేశాడు. పురుషుల ప్రపంచ కప్పు ఫైనల్‌లో ఒకే ఆటగాడు మూడు గోల్స్ చేయడం అదే మొదటిసారి. మళ్ళీ 2022లో ఫ్రాన్సు ఆటగాడు కిలియన్ ఎంబాపే ఆ ఘనత సాధించేవరకు 56 సంవత్సరాలపాటు ఆ రికార్డు హర్స్ట్ ఒక్కడి పేరిటే ఉండిపోయింది.

అయితే ఈ పోటీని ఎక్కువగా గుర్తుంచుకొనేది రిఫరీల నిర్ణయాల వలన. ఆరు గోల్స్‌లో మూడు ఏదో ఒక విధంగా వివాదానికి గురయ్యాయి. వాటిలో ఇంగ్లాండు చేసిన మూడవ గోలు ఫుట్‌బాల్ చరిత్రలోనే అత్యధికంగా చర్చించబడిన గోల్స్‌లో ఒకటి. బంతి గోలుగీతను పూర్తిగా దాటిందా, లేదా అన్నదే అక్కడి ప్రశ్న. దానికి సంబంధించిన నియమంలో ఎటువంటి అస్పష్టత లేదు. కాని ఆ నియమాన్ని అమలు చేయవలసిన మనిషి కంటికి అందనంత వేగంగా ఆ సంఘటన జరిగిపోయింది. ఫుట్‌బాల్‌లో గోలుగీత సాంకేతికతను గురించిన చర్చ వచ్చినప్పుడెల్లా ఈ పోటీ ప్రస్తావనకు వస్తుంది.

నేపథ్యం

1966 ప్రపంచ కప్పుకు ఇంగ్లాండు ఆతిథ్యమిచ్చింది. మొత్తం 16 జట్లు పాల్గొన్నాయి. ఫుట్‌బాల్ నియమాలు రూపుదిద్దుకొన్న దేశమైనప్పటికీ ఇంగ్లాండు అంతకుముందు ఒక్కసారి కూడా ఈ కప్పును గెలవలేదు. పశ్చిమ జర్మనీ 1954లో ఒకసారి గెలిచింది. ఇంగ్లాండు జట్టుకు ఆల్ఫ్ రామ్సే, పశ్చిమ జర్మనీ జట్టుకు హెల్ముట్ షోన్ శిక్షకులుగా వ్యవహరించారు. ఫైనల్‌తో సహా ఈ టోర్నమెంటులో ఇంగ్లాండు ఆడిన ఆరు ఆటలూ వెంబ్లీలోనే జరిగాయి.

రిఫరీల నిర్ణయాలపై అనుమానాలు ఫైనల్‌కు ముందే మొదలయ్యాయి. జూలై 23న ఒకే రోజు జరిగిన రెండు క్వార్టర్ ఫైనల్ పోటీలు ఇందుకు కారణం. వెంబ్లీలో ఇంగ్లాండు, అర్జెంటీనా జట్ల పోటీకి పశ్చిమ జర్మనీకి చెందిన రుడాల్ఫ్ క్రైట్లైన్ రిఫరీగా ఉన్నాడు. అతడు అర్జెంటీనా కెప్టెన్ ఆంటోనియో రాటిన్‌ను మైదానం వదలి వెళ్ళమని ఆదేశించాడు. రాటిన్ స్పానిష్ మాట్లాడేవాడు. రిఫరీకి ఆ భాష రాదు. దుబాసీని పిలిపించమని కోరుతూ రాటిన్ చాలాసేపు మైదానంలోనే ఉండిపోయాడు. అదే రోజు షెఫీల్డ్ నగరంలో పశ్చిమ జర్మనీ, ఉరుగ్వే జట్ల పోటీకి ఇంగ్లాండుకు చెందిన జిమ్ ఫిన్నీ రిఫరీ. అతడు ఇద్దరు ఉరుగ్వే ఆటగాళ్ళను బయటకు పంపాడు. జర్మన్ రిఫరీ ఇంగ్లాండుకు, ఇంగ్లీషు రిఫరీ జర్మనీకి మేలు చేశారని దక్షిణ అమెరికా దేశాలలో తీవ్రమైన విమర్శలు వచ్చాయి.

సెమీ ఫైనల్స్‌లో పశ్చిమ జర్మనీ 2-1తో సోవియట్ యూనియన్‌ను, ఇంగ్లాండు 2-1తో పోర్చుగల్‌ను ఓడించాయి. ఫైనల్‌లో కీలకమైన నిర్ణయం తీసుకొన్న లైన్స్‌మన్ సోవియట్ యూనియన్‌కు చెందినవాడు కావడంతో, ఈ సెమీ ఫైనల్ ఫలితాన్ని తరువాతి కాలంలో కొందరు పదే పదే గుర్తుచేశారు.

రిఫరీలు

ఫైనల్ పోటీకి స్విట్జర్లాండుకు చెందిన గాట్‌ఫ్రీడ్ డీన్‌స్ట్ రిఫరీగా నియమితుడయ్యాడు. సోవియట్ యూనియన్‌లోని అజర్‌బైజాన్‌కు చెందిన తోఫిక్ బహ్రమోవ్, చెకొస్లొవేకియాకు చెందిన కరోల్ గాల్బా లైన్స్‌మన్లు. ముగ్గురివి మూడు దేశాలు, మూడు మాతృభాషలు.

ఆ కాలంలో ప్రపంచ కప్పులో లైన్స్‌మన్‌గా నిలిచేవారు కూడా మామూలుగా రిఫరీలే. ఒక ఆటకు రిఫరీగా ఉన్న వ్యక్తి మరొక ఆటకు జెండా పట్టుకొని గీత వెంబడి పరుగెత్తేవాడు. చెవిలో పెట్టుకొని మాట్లాడుకొనే పరికరాలు అప్పటికి లేవు. జెండా ఊపడం, తల ఊపడం, చేతితో చూపించడం, అవసరమైతే దగ్గరకు వెళ్ళి మాట్లాడడం మాత్రమే వారికున్న మార్గాలు. లైన్స్‌మన్ యొక్క ముఖ్యమైన పని ఆఫ్‌సైడ్‌ను గమనించడం. అందుకోసం అతడు రక్షక ఆటగాళ్ళకు సమాన రేఖలో ఉండేట్లు కదులుతూ ఉండాలి. కనుక గోలుగీతకు సరిగ్గా సూటిగా నిలబడే అవకాశం అతనికి అన్నివేళలా ఉండదు.

జట్లు

ఇంగ్లాండు: గోర్డన్ బ్యాంక్స్ (గోల్‌కీపర్), జార్జ్ కోహెన్, జాక్ చార్ల్‌టన్, బాబీ మూర్ (కెప్టెన్), రే విల్సన్, నోబీ స్టైల్స్, అలన్ బాల్, బాబీ చార్ల్‌టన్, మార్టిన్ పీటర్స్, జెఫ్ హర్స్ట్, రోజర్ హంట్.

పశ్చిమ జర్మనీ: హాన్స్ టిల్కోవ్‌స్కీ (గోల్‌కీపర్), హోర్స్ట్-డీటర్ హోట్‌గెస్, విల్లీ షుల్జ్, వుల్ఫ్‌గాంగ్ వెబర్, కార్ల్-హైంజ్ ష్నెల్లింగర్, ఫ్రాంజ్ బెకెన్‌బావర్, హెల్ముట్ హాలర్, వుల్ఫ్‌గాంగ్ ఓవరాత్, ఊవే సీలర్ (కెప్టెన్), సిగ్‌ఫ్రీడ్ హెల్డ్, లోథర్ ఎమ్మెరిక్.

ప్రపంచ కప్పులో ఒక ఆటగాడి స్థానంలో మరొకరిని దించే పద్ధతి 1970లో మొదలైంది. అందువలన ఈ ఫైనల్‌లో ఇరవై ఇద్దరు ఆటగాళ్ళు 120 నిమిషాలూ ఆడవలసి వచ్చింది. వివాదాస్పదమైన నిర్ణయాలన్నీ ఆటగాళ్ళు బాగా అలసిపోయిన చివరి ఘట్టంలోనే జరిగాయి.

ఆట జరిగిన తీరు

సుమారు 97 వేలమంది ప్రేక్షకుల ఎదుట ఆట మొదలైంది. ఇంగ్లాండు ఎరుపు, పశ్చిమ జర్మనీ తెలుపు చొక్కాలు ధరించాయి. 12వ నిమిషంలో రే విల్సన్ తలతో కొట్టిన బంతి బలహీనంగా వెళ్ళి హాలర్‌కు చిక్కింది. అతడు దాన్ని గోలుగా మలచి జర్మనీకి ఆధిక్యాన్ని ఇచ్చాడు. 18వ నిమిషంలో బాబీ మూర్ ఫ్రీ కిక్‌ను వేగంగా తీసుకొని బంతిని గోలు ముందుకు పంపగా, హర్స్ట్ తలతో కొట్టి స్కోరు సమం చేశాడు.

ఆ తరువాత చాలాసేపు ఎవరూ గోలు చేయలేదు. ఇంగ్లాండు జట్టులో బాబీ చార్ల్‌టన్, జర్మన్ జట్టులో యువకుడైన బెకెన్‌బావర్ ఒకరినొకరు కనిపెట్టుకొని ఉండడంతో ఇద్దరి ఆటా చాలావరకు కట్టుబడిపోయింది. 78వ నిమిషంలో హర్స్ట్ కొట్టిన బంతి హోట్‌గెస్‌కు తగిలి పైకి లేచి పీటర్స్ ముందు పడింది. అతడు దాన్ని గోలులోకి కొట్టాడు. 2-1 ఆధిక్యంతో ఇంగ్లాండు కప్పుకు చేరువైంది.

మొదటి వివాదం: 89వ నిమిషం

ఆట ముగియడానికి కొద్ది క్షణాల ముందు, జాక్ చార్ల్‌టన్ ఒక జర్మన్ ఆటగాడిని అడ్డుకొనే ప్రయత్నంలో ఫౌల్ చేశాడని రిఫరీ డీన్‌స్ట్ జర్మనీకి ఫ్రీ కిక్ ఇచ్చాడు. ఫౌల్ జరిగింది తనపైనేనని చార్ల్‌టన్ అభిప్రాయం. ఎమ్మెరిక్ కొట్టిన ఫ్రీ కిక్ అడ్డుగోడగా నిలిచిన ఇంగ్లాండు ఆటగాళ్ళను తాకి, హెల్డ్ వద్దకు వెళ్ళింది. అతడు కొట్టిన బంతి గోలు ముందుగా సాగుతూ దారిలో ష్నెల్లింగర్‌కు తగిలింది. అక్కడినుండి అవతలి గోలుస్తంభం వద్దకు చేరిన బంతిని వెబర్ జారుతూ వచ్చి గోలులోకి నెట్టాడు.

బంతి ష్నెల్లింగర్ చేతికి తగిలిందని ఇంగ్లాండు ఆటగాళ్ళు చేతులెత్తి ఫిర్యాదు చేశారు. రిఫరీ అంగీకరించలేదు. చలనచిత్రంలో చూసినప్పుడు బంతి అతని వీపుకు తగిలినట్లు కనిపిస్తుందని తరువాత పరిశీలించినవారు చెప్పారు. ఏమైనప్పటికీ స్కోరు 2-2 అయింది. ఆట అదనపు సమయంలోకి వెళ్ళింది. ఈ గోలు విషయంలో ఇంగ్లాండుకు అన్యాయం జరిగిందని భావించినవారు ఉన్నారనేది గమనించదగినది. వివాదమంతా ఇంగ్లాండుకు అనుకూలంగానే నడిచిందన్న అభిప్రాయం పూర్తిగా నిజం కాదు.

రెండవ వివాదం: మూడవ గోలు

అదనపు సమయం ప్రథమార్ధంలో, అంటే ఆట మొత్తంలో 101వ నిమిషంలో, స్టైల్స్ దూరంగా పంపిన బంతిని కుడివైపున అందుకొని అలన్ బాల్ గోలు ముందుకు పంపాడు. హర్స్ట్ దాన్ని అదుపులోకి తెచ్చుకొని, తిరుగుతూ బలంగా తన్నాడు. బంతి గోలుపైనున్న అడ్డుకర్ర (క్రాస్‌బార్) అడుగుభాగాన్ని తాకి, నిట్టనిలువుగా కిందికి దిగి, గీత వద్ద నేలను తాకి తిరిగి మైదానం వైపు లేచింది. వెంటనే వెబర్ దాన్ని తలతో కొట్టి అడ్డుకర్ర మీదుగా బయటకు పంపేశాడు.

గోలుకు అతి దగ్గరగా ఉన్న ఇంగ్లాండు ఆటగాడు రోజర్ హంట్ గోలు అయిందని చేతులెత్తి వెనుదిరిగాడు. జర్మన్ ఆటగాళ్ళు కాలేదని వాదించారు. డీన్‌స్ట్ తానుగా ఏమీ నిర్ణయించలేక గీత దగ్గరనున్న బహ్రమోవ్ వద్దకు నడిచి వెళ్ళాడు. ఇద్దరికీ సరిగా వచ్చిన ఉమ్మడి భాష లేదు. కొద్ది మాటలు, కొన్ని సైగలు, ఒక తలూపుతో సంభాషణ ముగిసింది. గోలు అయినట్లు బహ్రమోవ్ సూచించాడు. డీన్‌స్ట్ ఈల వేసి మైదానం మధ్యకు చూపించాడు. ఇంగ్లాండు 3-2 ఆధిక్యంలోకి వెళ్ళింది.

నియమం ఏమి చెబుతుంది?

ఫుట్‌బాల్ నియమాల ప్రకారం గోలుస్తంభాల మధ్య, అడ్డుకర్ర కింద, బంతి మొత్తం గోలుగీతను మొత్తంగా దాటితేనే గోలు. బంతిలో ఏ కొంచెం భాగమైనా గీతకు పైన ఉన్నంతవరకు గోలు కానట్లే. కబడ్డీతో పోల్చి చూస్తే ఈ నియమం సులభంగా అర్థమవుతుంది. కబడ్డీలో కూతకు వెళ్ళిన ఆటగాడు పట్టుబడినా వేలికొనతో మధ్యగీతను తాకితే చాలు, అతడు చేరినట్లే లెక్క. ఫుట్‌బాల్‌లో అందుకు పూర్తిగా విరుద్ధం. ఇక్కడ తాకడం చాలదు, గీతపై సగం దాటడమూ చాలదు. చివరి అంచు సైతం గీత అవతలకు పోవాలి.

కొలతలు తీసుకొంటే ఇందులోని సూక్ష్మం తెలుస్తుంది. గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. బంతి చుట్టుకొలత సుమారు 70 సెంటీమీటర్లు, అనగా వ్యాసం సుమారు 22 సెంటీమీటర్లు. బంతి గుండ్రంగా ఉంటుంది కనుక నేలను తాకేది దాని అడుగున ఉన్న చిన్న భాగం మాత్రమే. మిగిలిన బంతి ఆ బిందువుకు ప్రతి వైపునా సుమారు 11 సెంటీమీటర్ల మేర విస్తరించి ఉంటుంది. కనుక గోలు కావాలంటే బంతి నేలను తాకిన చోటు గీత లోపలి అంచునుండి కనీసం 11 సెంటీమీటర్లు అవతల ఉండాలి. బంతి గీతకు 5 సెంటీమీటర్లు అవతల నేలను తాకితే, చూసేవారికి అది గీత దాటినట్లే కనిపిస్తుంది. నియమం ప్రకారం మాత్రం గోలు కాదు. పాఠశాల మైదానంలో సున్నంతో గీత గీసి, దాని పక్కన బంతిని పెట్టి పైనుండి చూస్తే ఈ సంగతి విద్యార్థులకు స్పష్టమవుతుంది.

చూసే కోణం మరొక సమస్య. కొలజాడీలోని నీటిమట్టాన్ని సూటిగా కాక వాలుగా చూస్తే కొలత తప్పుగా కనిపించినట్లే, గోలుగీతను కూడా సరిగ్గా గీత వెంబడి చూస్తేనే బంతి స్థానం తెలుస్తుంది. ముందునుండి గాని, వెనుకనుండి గాని, ఏటవాలుగా గాని చూస్తే, గాలిలో ఉన్న బంతి గీతకు ఇవతల ఉన్నదో అవతల ఉన్నదో చెప్పడం కష్టం. ఇక మూడవ సమస్య వేగం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బంతి సెకనుకు దాదాపు 28 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకనుకు 25 చిత్రాలు తీసే కెమెరాలో ఒక చిత్రానికి, తరువాతి చిత్రానికి మధ్య అటువంటి బంతి ఒక మీటరుకు పైగా కదలిపోతుంది. బంతి అత్యంత లోపలికి వెళ్ళిన క్షణం రెండు చిత్రాల మధ్య పడిపోయి ఉండవచ్చు.

ఇరుపక్షాల వాదనలు

ఇంగ్లాండు పక్షం వారు ముఖ్యంగా రోజర్ హంట్ ప్రవర్తనను సాక్ష్యంగా చూపుతారు. బంతి లోపలికి వెళ్ళలేదన్న అనుమానం ఉంటే, దగ్గరే ఉన్న హంట్ తిరిగి వచ్చిన బంతిని కొట్టడానికి ప్రయత్నించేవాడే గాని, సంబరపడుతూ వెనుదిరిగేవాడు కాదని వారి వాదన. జర్మనీ పక్షం వారు బంతి గీతపైనే పడిందని, అక్కడినుండి సున్నపు పొడి లేచిందని చెప్పారు. అది నిజమైతే గోలు అయ్యే ప్రశ్నే లేదు.

బహ్రమోవ్ తరువాత తన జ్ఞాపకాలలో ఇచ్చిన వివరణ మరొక విధంగా ఉంది. బంతి అడ్డుకర్రను తాకి కాక, లోపలి వలను తాకి తిరిగి వచ్చిందని తాను భావించినట్లు, కనుక అది నేలపై ఎక్కడ పడిందన్నది తనకు ముఖ్యం కాలేదని అతడు వ్రాశాడు. అంటే ప్రపంచమంతా దశాబ్దాలపాటు వాదించుకొన్న ఆ బిందువును ఆధారం చేసుకొని అతడు నిర్ణయం తీసుకోలేదు. చలనచిత్రాలలో మాత్రం బంతి అడ్డుకర్రను తాకి కిందికి దిగడం స్పష్టంగా కనిపిస్తుంది.

శాస్త్రీయ పరిశీలనలు

1990వ దశకంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ విభాగానికి చెందిన ఇయాన్ రీడ్, ఆండ్రూ జిస్సర్‌మన్ పాత చలనచిత్రాలను రేఖాగణితం ఆధారంగా పరిశీలించారు. గోలుస్తంభాలు, మైదానపు గీతలు వంటి, కొలతలు ముందే తెలిసిన వస్తువుల సహాయంతో చిత్రంలోని బంతి స్థానాన్ని లెక్కగట్టడం వారి పద్ధతి. బంతి గీతను పూర్తిగా దాటలేదని వారు తేల్చారు. 2016లో ఒక బ్రిటిష్ టెలివిజన్ చానెల్ కంప్యూటర్ నమూనా సహాయంతో చేసిన ప్రదర్శనలో మాత్రం బంతి దాటినట్లు చూపించారు. మొదటిది విద్యావిషయకమైన పరిశోధన కాగా రెండవది టెలివిజన్ కార్యక్రమం. గీత దాటలేదన్న అభిప్రాయానికే పరిశీలకులలో ఎక్కువ మద్దతు ఉంది.

మూడవ వివాదం: నాలుగవ గోలు

అదనపు సమయం ముగియవస్తున్నప్పుడు జర్మన్ ఆటగాళ్ళు చాలామంది స్కోరు సమం చేయడానికి ముందుకు వెళ్ళారు. బాబీ మూర్ దూరంగా పంపిన బంతిని అందుకొని హర్స్ట్ ఒంటరిగా పరుగెత్తాడు. అప్పటికే ఆట అయిపోయిందని భావించిన కొందరు ప్రేక్షకులు మైదానంలోకి వచ్చేశారు. హర్స్ట్ కొట్టిన బంతి గోలు పైభాగంలోని వలను తాకింది. 120వ నిమిషంలో స్కోరు 4-2 అయింది. గోలు కాకపోయినా బంతి దూరంగా పోయి కాలం గడుస్తుందన్న ఉద్దేశంతో బలంగా కొట్టానని హర్స్ట్ తరువాత చెప్పాడు.

బయటివారు మైదానంలో ఉండగా రిఫరీ ఆట ఆపవలసి ఉన్నదని కొందరి అభిప్రాయం. బయటివారు ఆటకు అడ్డువస్తే ఆపాలి. అడ్డువచ్చారా లేదా అన్నది రిఫరీ విచక్షణకు వదిలిన విషయం. ఆ ప్రేక్షకులు బంతికి గాని, ఆటగాళ్ళకు గాని దగ్గరగా లేరు. డీన్‌స్ట్ ఆట కొనసాగనిచ్చాడు. మూడవ గోలుకు, నాలుగవ గోలుకు మధ్య ఉన్న తేడా ఇక్కడే ఉంది. బంతి గీత దాటిందా అన్నది కొలిచి తేల్చగలిగిన విషయం. ప్రేక్షకులు ఆటకు అడ్డువచ్చారా అన్నది మనిషి ఆలోచించి తీర్పు చెప్పవలసిన విషయం.

తోఫిక్ బహ్రమోవ్

ఆ తలూపుతో బహ్రమోవ్ ప్రపంచ ప్రఖ్యాతుడయ్యాడు. ఇంగ్లాండులో అతనిని "రష్యన్ లైన్స్‌మన్" అని పిలవడం అలవాటైంది. నిజానికి అతడు 1925లో బాకూలో జన్మించిన అజర్‌బైజాన్ దేశీయుడు. సెమీ ఫైనల్ ఓటమికి గాని, రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యాలు తన దేశానికి కలిగించిన నష్టానికి గాని ప్రతీకారంగా అతడు అలా చేశాడన్న కథలు ప్రచారంలోకి వచ్చాయి. వీటికి ఆధారాలు లేవు. నిర్ణయం తప్పయినంత మాత్రాన ఉద్దేశం చెడ్డది కానవసరం లేదన్న సంగతి ఇటువంటి కథలలో మరుగున పడుతుంది.

బహ్రమోవ్ 1993లో మరణించాడు. స్వతంత్ర దేశమైన అజర్‌బైజాన్ అదే సంవత్సరం బాకూలోని తన జాతీయ స్టేడియానికి అతని పేరు పెట్టింది. 2004లో ఇంగ్లాండు జట్టు అక్కడ ఆడడానికి వెళ్ళిన సందర్భంలో స్టేడియం వద్ద అతని విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆ కార్యక్రమానికి హర్స్ట్ స్వయంగా హాజరయ్యాడు. ఒక దేశంలో తప్పుడు తీర్పుగా గుర్తున్న పని మరొక దేశంలో ఒక మనిషిని జాతీయ గౌరవానికి దగ్గర చేసింది.

తదనంతర పరిణామాలు

ఈ ప్రపంచ కప్పులో ఎదురైన భాషా సమస్యకు త్వరలోనే ఒక పరిష్కారం దొరికింది. రాటిన్ సంఘటన తరువాత, రిఫరీ హెచ్చరిక ఏ భాషవారికైనా అర్థమయ్యే మార్గం కోసం ఇంగ్లాండుకు చెందిన రిఫరీల అధికారి కెన్ ఆస్టన్ ఆలోచించాడు. రోడ్డు కూడలిలోని సిగ్నల్ దీపాలు అతనికి స్ఫూర్తినిచ్చాయి. హెచ్చరికకు పసుపు, బహిష్కరణకు ఎరుపు రంగు కార్డులు 1970 ప్రపంచ కప్పునుండి అమలులోకి వచ్చాయి.

గోలుగీత సమస్య మాత్రం మరి నాలుగు దశాబ్దాలకు పైగా అలాగే ఉండిపోయింది. అడ్డుకర్రను తాకి గీత వద్ద పడే బంతికి జర్మన్ భాషలో "వెంబ్లీ టోర్" (వెంబ్లీ గోలు) అనే పేరు స్థిరపడింది. 2010 జూన్ 27న దక్షిణ ఆఫ్రికాలోని బ్లూమ్‌ఫోంటీన్‌లో ఈ రెండు దేశాలే మళ్ళీ ప్రపంచ కప్పులో తలపడ్డాయి. జర్మనీ 2-1 ఆధిక్యంలో ఉండగా ఇంగ్లాండు ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి అడ్డుకర్రను తాకి, గీతకు స్పష్టంగా అవతల పడి, తిరిగి బయటకు వచ్చింది. టెలివిజన్‌లో చూసినవారందరికీ అది గోలని తెలిసింది. ఉరుగ్వేకు చెందిన రిఫరీ హోర్హె లారియోండా మాత్రం గోలు ఇవ్వలేదు. జర్మనీ ఆ ఆటను 4-1తో గెలిచింది. 1966 బాకీ తీరిందని పలువురు వ్యాఖ్యానించారు. ఈ తప్పిదానికి అప్పటి ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్ ఇంగ్లాండుకు క్షమాపణ చెప్పాడు.

2012 యూరో పోటీలలో యుక్రెయిన్, ఇంగ్లాండు ఆడిన ఆటలో యుక్రెయిన్ ఆటగాడు మార్కో దేవిచ్ కొట్టిన బంతి గీత దాటిన తరువాత ఇంగ్లాండు ఆటగాడు జాన్ టెర్రీ దాన్ని బయటకు తన్నాడు. అక్కడ కూడా గోలు ఇవ్వలేదు. కొద్ది రోజులకే, 2012 జూలై 5న, నియమాలను నిర్ణయించే అంతర్జాతీయ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు గోలుగీత సాంకేతికతను ఆమోదించింది. 2014లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్పులో ఒక్కొక్క గోలు వైపు 7 చొప్పున మొత్తం 14 వేగవంతమైన కెమెరాలను అమర్చారు. బంతి గీతను పూర్తిగా దాటిన ఒక సెకనులోపు రిఫరీ చేతి గడియారానికి సంకేతం అందుతుంది. ఆ సంవత్సరం జూన్ 15న ఫ్రాన్సు, హోండురాస్ జట్ల ఆటలో ఈ పద్ధతి సహాయంతో ప్రపంచ కప్పులో మొదటిసారిగా ఒక గోలును నిర్ధారించారు.

క్రికెట్‌తో పోలిక

మన దేశంలో ఎక్కువమందికి పరిచయమున్న క్రికెట్‌లో ఈ మార్పు చాలా ముందుగా వచ్చింది. 1992 నవంబరులో దక్షిణ ఆఫ్రికాలోని డర్బన్‌లో భారత్ ఆడిన టెస్టులో, టెలివిజన్ చిత్రాలు చూసిన మూడవ అంపైరు నిర్ణయంతో రనౌట్ అయిన మొదటి బ్యాట్స్‌మన్ సచిన్ టెండుల్కర్. క్రికెట్‌లో ప్రతి బంతి తరువాత సహజంగా విరామం ఉంటుంది కనుక చిత్రాలు చూడడానికి సమయం దొరుకుతుంది. ఫుట్‌బాల్ ఆగకుండా సాగే ఆట. ఆటను పదే పదే ఆపితే దాని స్వభావమే మారుతుందన్న భయం వల్ల ఫుట్‌బాల్ నిర్వాహకులు చాలాకాలం యంత్రాలను అంగీకరించలేదు. ఆటను ఆపకుండానే సెకనులో జవాబు చెప్పగల పద్ధతి వచ్చాకనే వారి అభ్యంతరం తొలగింది.

యంత్రం తీర్చగలిగినది, తీర్చలేనిది

సాంకేతికత వచ్చినంత మాత్రాన వివాదాలు అంతం కాలేదు. 2020 జూన్ 17న ఇంగ్లాండు ప్రీమియర్ లీగ్‌లో ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ జట్ల ఆటలో విల్లా గోల్‌కీపర్ బంతిని పట్టుకొనే గీత అవతలకు వెళ్ళాడు. అయినా రిఫరీ గడియారానికి సంకేతం రాలేదు. ఆటగాళ్ళు, గోలుస్తంభం అడ్డు రావడం వలన కెమెరాలకు బంతి కనిపించలేదని ఆ పరికరాన్ని తయారుచేసిన హాక్-ఐ సంస్థ క్షమాపణ చెప్పింది. యంత్రానికి కూడా చూడడానికి ఒక కోణం కావాలని ఈ సంఘటన తెలియజేసింది.

2018 ప్రపంచ కప్పునుండి వీడియో సహాయక రిఫరీ పద్ధతి అమలులోకి వచ్చింది. ఆ సంవత్సరం ఫ్రాన్సు, క్రొయేషియా మధ్య జరిగిన ఫైనల్‌లో రిఫరీ నెస్టర్ పితానా వీడియో చూసి, బంతి క్రొయేషియా ఆటగాడు ఇవాన్ పెరిషిచ్ చేతికి తగిలినందుకు ఫ్రాన్సుకు పెనాల్టీ ఇచ్చాడు. బంతి చేతికి తగిలిందన్నది అందరూ చూశారు. అది శిక్షించదగిన తప్పా, కాదా అన్న విషయంలో మాత్రం భేదాభిప్రాయాలు అలాగే మిగిలాయి.

1966 ఫైనల్‌లోని మూడు వివాదాలను నేటి పద్ధతులతో పోల్చి చూస్తే, మూడవ గోలు విషయం గడియారపు సంకేతంతో సెకనులో తేలిపోయేది. ష్నెల్లింగర్‌కు బంతి ఎక్కడ తగిలిందన్నది వీడియోలో చూసి చెప్పగలిగేవారు. చార్ల్‌టన్ చేసినది ఫౌలా కాదా, మైదానంలోకి వచ్చిన ప్రేక్షకులు ఆటకు అడ్డువచ్చారా లేదా అన్నవి మాత్రం నేడు కూడా రిఫరీ విచక్షణపైనే ఆధారపడతాయి.

ఆట నియమాల ప్రకారం జరిగిన సంగతులపై రిఫరీ నిర్ణయమే తుది నిర్ణయం. తరువాతి పరిశోధనలు ఏమి తేల్చినా ఫలితం మారదు. అందువలన 1966 ఫైనల్ రికార్డులలో ఇంగ్లాండు 4, పశ్చిమ జర్మనీ 2 గానే ఉంది. 101వ నిమిషపు గోలు హర్స్ట్ పేరిట నమోదై ఉంది. పశ్చిమ జర్మనీ జట్టు మైదానంలో నిరసన తెలిపినా, నిర్ణయం వెలువడిన తరువాత ఆటను వదిలిపోక చివరి నిమిషం వరకు ఆడింది. హాలర్ తనతో తీసుకొని వెళ్ళిన ఆ ఆట బంతి 1996లో, 30 సంవత్సరాల తరువాత, తిరిగి ఇంగ్లాండుకు చేరి హర్స్ట్‌కు అందింది.